విశాఖలో ఆరుబయలు వేడుకలు

విశాఖపట్టణమునకు నైరృతి దిశను, గాజువాక ప్రక్కను, ఆటోనగర్ అను పారిశ్రామిక వాడ కలదు. లారీలకు బాడీలు కట్టువారు, కమాను పట్టీలు మార్చువారు, లేతు యంత్రముమీద ఇనుము చెక్కువారు, ఓడలకును ఉక్కు కర్మాగారమునకును కావలసిన విడిభాగములు చేయువారు అచట బహుళముగా కలరు. తెల్లవారినది మొదలు ప్రొద్దు గ్రుంకువరకు సుత్తిదెబ్బయు వెల్డింగు వెలుగును అచట ఎడతెగక ఉండును. ఈ ప్రాంతమునకు క్రొత్తగా కాపురము వచ్చినవారు తరచుగా వేయు ప్రశ్న యొకటి కలదు: "ఈ యూరిలో సినిమా తప్ప చూడదగిన దేమున్నది?"

ఈ ప్రశ్నకు సమాధానమును టిక్కెట్టు కొని లోపలికి పోవు మందిరములలో వెదకినచో సగమే దొరకును. పిఠాపురం కాలనీలోని కళాభారతిలో సంగీత నృత్య సభలు జరుగుచునే యున్నవి. వాని విలువ వానికి కలదు. అయితే అట్టి సభలు ఇతర నగరములందును జరుగును. విశాఖకే ప్రత్యేకమైన కళయు, పండుగయు, తిండియు చాలవరకు పైకప్పు లేని చోటులందే కలవు. కొండకును కడలికిని నడుమ ఇమిడిన ఊరిది. జనులు కూడవలెనన్న ఇసుక మీదనో, కొండ చుట్టునో, ఊరి మైదానముననో కూడవలసి వచ్చినది.

మరియొక సంగతి. ఇచటి ప్రతి వేడుకకును ఒక మాసము, ఒక తిథి, ఒక వేళ కలదు. కార్యక్రమముల పట్టిక చూడక మీట త్రిప్పినవానికి సంగీతమునకు బదులు మార్కెట్టు ధరలు వినబడినట్లే, కాలమెరుగక బయలుదేరినవానికి విశాఖలో ఉత్త ఇసుకయు రాళ్ళును కనబడును. కనుక ఊరి పట్టికను కొంత తెలిసికొనుట మంచిది.

ఈ నగరము వలసవచ్చినవారి చేతులమీదుగా పెరిగినది. 1933లో రేవు తెరచిరి. 1941లో నౌకానిర్మాణశాలకు పునాది పడినది. అందు తయారైన "జల ఉష" 1948లో నీట దిగినది. ఉక్కు కర్మాగారమునకై 1966లో జరిగిన ఆందోళన అందరు నెరిగినదే. 1971లో దానికి శంకుస్థాపన జరిగినది. ఈ పనులన్నిటికిని శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల పల్లెలనుండి జనులు తండోపతండములుగా వచ్చిరి. వచ్చుచు తమ వేలుపులను, పాటలను, వంటలను వెంట తెచ్చుకొనిరి. ఆటోనగర్ షెడ్డులో నేడు పనిచేయు మేస్త్రీని అడిగిచూడుడు. అతని తాతదో తండ్రిదో ఊరు నాగావళి యొడ్డుననో వంశధార యొడ్డుననో ఉండును.

మొదట పాతనగరమునకు పోదము. బురుజుపేటలో శ్రీ కనకమహాలక్ష్మి అమ్మవారున్నది. ఆ గర్భాలయమునకు పైకప్పు లేదు. వాన కురిసిన అమ్మవారు తడియును. ఎండ కాసిన ఆ వేడిమి అమ్మవారి శిరస్సుననే పడును. విగ్రహము 1912లో ఒక బావియందు లభించెననియు, 1917లో వీధి వెడల్పు చేయుటకై దానిని ప్రక్కకు జరుపగా ఊరిలో ప్లేగు చెలరేగెననియు, మరల పూర్వస్థానమున నిలిపిన పిమ్మట అది శమించెననియు స్థలకథ చెప్పుచున్నది. కథను నమ్ముటయు మానుటయు వారివారి యిష్టము. గమనింపవలసినది ఆచారము. కులభేదము లేక ఎవరైనను తమ చేతులతోనే పసుపు కుంకుమలతో అమ్మవారిని అర్చింపవచ్చుననునది ఇచటి సంప్రదాయము. రేవులో మూటలు మోయువారికిని, చేపలమ్ము స్త్రీలకును, గుమాస్తాలకును ఈమె ఇలవేల్పగుటకు ఇదియే కారణమని నా యభిప్రాయము. మార్గశిర మాసమున వచ్చు గురువారములు ఇచట పెద్ద పండుగలు. అర్ధరాత్రి మొదలుకొని వరుసలు సాగును. గాజువాకనుండి వచ్చువారు బుధవారము రాత్రియే బయలుదేరుట మేలు.

మార్గశిరము బురుజుపేటది కాగా ఆషాఢము సింహాచలముది. ఏడాది పొడుగున గంధపు పూతలో మరుగుపడియుండు శ్రీ వరాహలక్ష్మీనరసింహస్వామి వైశాఖ శుద్ధ తదియనాడు మాత్రమే నిజరూపమున దర్శనమిచ్చును. పిదప వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పూర్ణిమలయందు విడతకు మూడేసి మణుగుల వంతున మరల చందనము సమర్పింతురు. కడపటి విడతకు ముందునాడు, అనగా ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు, జరుగునదే గిరిప్రదక్షిణము.

కొండ చుట్టుకొలత త్రోవ సుమారు 32 కిలోమీటర్లు. కొండదిగువ తొలిపావంచా యొద్ద కొబ్బరికాయ కొట్టి నడక మొదలిడుదురు. అడివివరము, ముడసర్లోవ దాటి హనుమంతవాక చేరి, అచటనుండి సముద్రమువైపు తిరిగి, జోడుగుళ్ళపాలెము దరిని ఉప్పునీట మునిగి, వెంకోజీపాలెము, ఇసుకతోట, సీతమ్మధార, మాధవధార, గోపాలపట్నముల మీదుగా మరల తొలిపావంచా చేరుదురు. మధ్యాహ్నము బయలుదేరినవారు కొందరు అర్ధరాత్రికి, కొందరు తెల్లవారుజామునకు ముగింతురు. లక్షలమంది చెప్పులు లేక నడచుదురు. నగరములోని సగము వీధులు ఆ రాత్రి మోటారు బండ్లను మరచి కాలినడకకు లోబడును. పటములో చూచినచో ఇది కొండ ప్రదక్షిణమేగాని, నడచినవానికి ఇది ఊరి ప్రదక్షిణము కూడ. అడవి, చెరువు, కడలి, పేదల పేటలు, ధనికుల మేడలు, రైలు కట్ట, అన్నియు ఒక రాత్రిలో కంటబడును. ఊరికి క్రొత్తగా వచ్చినవాడు దానిని తెలిసికొనుటకు ఇంతకంటె మంచి యుపాయము నాకు తోచుట లేదు.

త్రోవ పొడుగున గృహస్థులు, యువజన సంఘములవారు, కార్మికులు బల్లలు వేసి పులిహోర, దద్దోజనము, మజ్జిగ, పండ్లు పంచుదురు. కాళ్ళు పట్టి నూనె రాయువారును కలరు. ఆషాఢము సింహాచలపు పనస, అనాసలకు మంచి అదను. కొండ దిగువ రాశులుగా పోసి అమ్ము అనాసపండు చిన్నదేకాని తీపి మిక్కిలి గలది. సంపెంగపూవుల మాట వేరుగా చెప్పనక్కరలేదు.

రెండు జాగ్రత్తలు. నడక అలవాటు లేనివారు పూర్ణిమనాడు ఆలయములోనే ప్రదక్షిణములు చేయు ఆచారము కలదు. పంతమునకు పోయి మోకాళ్ళు పాడుచేసికొనరాదు. రెండవది, ఆరుబయలు పండుగ వాతావరణమునకు లోబడినది. 2025 ఏప్రిల్ 30 తెల్లవారుజామున, చందనోత్సవమునాడు, గాలివానకు గోడ కూలి వరుసలో నిలిచినవారు ఏడుగురు మరణించిరి. జనము క్రిక్కిరిసిన చోట గోడ ప్రక్కను, పందిరి క్రిందను నిలుచునపుడు ఈ సంగతి గుర్తుండవలెను.

కళల విషయమునకు వత్తము. చదువుకొన్నవారి నాటకము సహితము విశాఖలో ఆకాశము క్రిందికి వచ్చినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు రిజిస్ట్రారుగా నుండిన కూర్మా వేణుగోపాలస్వామి నాటకాభిమాని. ఆయన పూనికతో వాల్తేరులో ఆరుబయలు రంగశాల ఏర్పడినది. కళాశాలల మధ్య నాటకపు పోటీలు మొదలైనవి. వెనుకటి తరమున పెక్కుమంది తెలుగు నటులకు ఆ పోటీలే తొలిమెట్టు.

అయినను ఈ ప్రాంతపు అసలైన ఆరుబయలు కళ తప్పెటగుళ్ళు. దీనిని గూర్చి కొంత వివరముగా చెప్పవలసియున్నది. ఏలయన దీనిని చూచినామనుకొనువారు చాలమంది, నిజముగా చూచినవారు కొద్దిమంది.

తప్పెట యనగా రొమ్ముమీద వ్రేలాడు గుండ్రని వాద్యము. పూర్వము మట్టితోను, నేడు రేకుతోను చేసిన గుండకు తోలు బిగించి, మెడకు తగిలించుకొని, రెండు చేతులతో కొట్టుదురు. కాళ్ళకు గజ్జెలు కట్టుదురు. పదునైదుగురు మొదలు ఇరువదిమంది వరకు ఒక బృందము. వీరు ముఖ్యముగా గొల్లవారు. పశువులను కాచుటయు, వానకై గంగమ్మను కొలుచుటయు వీరి కులవృత్తికి సంబంధించిన పనులు. నాయకుడు ఒక చరణము పాడును. వలయముగా తిరుగుచు తక్కినవారు దానినందుకొందురు. గంగమ్మ కథ, కృష్ణలీలలు, చెంచులక్ష్మి, సారంగధర కథ, ఇట్టివి పాడుచు రాత్రి గడపగలరు. నడుమ నడుమ గారడీ వంటి విన్యాసములుండును. ఒకరి భుజములపై నొకరు నిలిచి గోపురము కట్టుదురు. వెనుకకు విల్లువలె వంగి నేలమీది సూదిని కంటిరెప్పలతో పైకెత్తుదురు. ఇన్ని చేయుచున్నను దెబ్బ తప్పదు, గజ్జె తప్పదు, పాట తెగదు.

ఇప్పుడీ కళకు ఏమి కావలెనో ఆలోచింపుడు. ఇరువదిమంది గిరగిర తిరుగుటకు విశాలమైన వలయము కావలెను. ఎగిరి దిగునపుడు కాలికి దెబ్బ తగులకుండ మన్ను నేల కావలెను. సిమెంటు గచ్చుమీద రాత్రియంతయు గజ్జె కట్టి ఎగిరిన మోకాలు నిలువదు. కథ నడచుటకు మూడు నాలుగు గంటల కాలము కావలెను. అన్నిటికంటె మించి, చుట్టు నిలిచి మారుపలుకు జనము కావలెను. పల్లెలో జాతరనాడు ఇవి నాలుగును ఉచితముగా దొరకెడివి.

నగరములో దొరకునది ఊరేగింపు. పెద్దలు విచ్చేయునప్పుడు స్వాగతము పలుకుటకు, విశాఖ ఉత్సవమువంటి సందర్భములందు వీధివెంట నడచుటకు తప్పెటగుళ్ళవారిని పిలుచుచున్నారు. పిలుచుట మంచిదే, కూలి గిట్టును, పేరు వచ్చును. కాని తారు రోడ్డుమీద ముందునకు నడచుచు కొట్టు తప్పెటలో వలయము లేదు. వలయము లేనిచో కథ లేదు. ఫోటోకు దొరకునంత మాత్రమే మిగులును. ఈ విధముగా ఇంకొక తరము గడచినచో, దెబ్బ తెలిసి పాట తెలియని పడుచువారు మిగులుదురని నాకు భయముగా నున్నది. కథలు వ్రాతలో కంటె నోటిలోనే ఎక్కువ ఉన్నవి. నోరు కదలవలెనన్న రాత్రి కావలెను.

రేడియో ఈ విషయమున కొంత మేలు చేసినది. 1963లో విశాఖపట్టణ ఆకాశవాణి కేంద్రము వెలసిన తరువాత ఉత్తరాంధ్ర జానపదుల పాట ఇంటింట వినబడినది. అయితే వినుటలో సగమే అందును. వెనుకకు వంగి సూదినెత్తు కంటిరెప్పను రేడియో ఎట్లు చూపగలదు?

కావున ఆటోనగర్, గాజువాక ప్రాంతముల సంఘములవారికి ఒక మనవి. గ్రామదేవత పండుగకు మైకు సెట్టులకును, దీపతోరణములకును వెచ్చించు సొమ్ములో ఒక పాలు తీసి ఒక తప్పెటగుళ్ళ బృందమును పిలిపింపుడు. ఊరేగింపునకు కాదు; ఒక రాత్రికి. మన్నునేల గల ఆటస్థలము చూపుడు. మైకు ఒకటి చాలును, అదియు నాయకునికి మాత్రమే. తొలి గంట పిల్లలు అల్లరి చేయుదురు. రెండవ గంటకు పెద్దవారిలో ఎవరో ఒకరు మారుపలుకుట మొదలిడుదురు. ఈ పనికి అనువైన మట్టి మైదానములు నగరములో ఏటేట తగ్గుచున్నవి గనుక ఆలస్యము తగదు.

మైదానపు కళ అదియైనచో మన్యపు కళ ధింసా. దీనికై నగరము విడిచి అరకు పోవలెను. 1960వ దశకములో వేసిన కిరండోలు రైలు మార్గము మీద, సొరంగములగుండా సాగు ప్రయాణమే ఒక వేడుక. వరుసగా నిలిచిన స్త్రీలు ఒకరి వీపువెనుకగా ఒకరు చేతులు పెనవేసి, పామువలె మెలికలు తిరుగుచు అడుగు వేయుదురు. డప్పు, తుడుము, మోరి, కిరిడి, జోడుకొమ్ములు వాద్యములు. బోడ ధింసా గ్రామదేవతకు. భాగ్ ధింసా పులినుండి తప్పించుకొను తీరును చూపును. గొడ్డిబేట ధింసాలో వంగి రాళ్ళేరుచున్నట్లు ఆడుదురు. విడిదులలో సాయంకాలము ప్రయాణికులకై ఆడు ధింసా అరగంటలో ముగియును. చైత్రమున ఇటికల పండుగనాడు గూడెములలో ఆడునది వేరు. పోవువారు గూడెపు పెద్దల అనుమతి గొని, దూరముగా నిలిచి చూడవలెను. అది వారి పండుగ.

అరకు త్రోవలో అమ్ము బొంగు కోడిని గూర్చి అందరును విందురు. కారము, మసాలా పట్టించిన కోడిమాంసమును పచ్చి వెదురుబొంగులో కూరి, మూతిని ఆకులతో బిగించి, నిప్పులమీద కాల్చుదురు. నూనె అక్కరలేదు, మాంసపు కొవ్వు, వెదురులోని చెమ్మ చాలును. బొంగు పచ్చిదియై యుండవలెను, ఎండినది అంటుకొనును.

ఆటోనగర్ వాసికి ప్రతిదినము దొరకు తిండి కూడ తక్కువది కాదు. ఉదయము పూరీకి, ఇడ్లీకి ఇచట బొంబాయి చట్నీ వేయుదురు. పేరు బొంబాయిదైనను శనగపిండి, ఉల్లి, పచ్చిమిరపలతో ఉడికించు ఈ చట్నీ ఉత్తరాంధ్ర వంటయిండ్లలో స్థిరపడినది. ఎండకాలమున బాటల ప్రక్కను చోడి అంబలి అమ్ముదురు. తక్కిన తెలుగువారు రాగులనునవి ఈ ప్రాంతమువారికి చోళ్ళు. ముందునాడు కాచి పులియనిచ్చిన అంబలిలో మజ్జిగ కలిపి, ఉల్లిపాయ, పచ్చిమిరప నంజుకొని త్రాగిన కొలిమిముందు పనిచేయువానికి నాలుగు గంటలు అలసట తెలియదు. సీసాలో అమ్ము రంగునీళ్ళకంటె ఇది వేయిరెట్లు మేలు.

రామకృష్ణా బీచిలో సాయంకాలము దొరకు మురీ మిక్చరు వేరొక కథ. మరమరములను ఒడియావారు, బెంగాలీవారు పిలుచు పేరును విశాఖ వాడుక చేసికొనినది. రేవుపట్టణపు పొరుగుతనము పొట్లములో కూడ తెలియుచున్నది. వేరుశనగ, ఉల్లి, టమాటా, నిమ్మరసము కలిపిన వెంటనే తినవలెను. ఇంటికి తెచ్చినచో మెత్తబడి రుచి పోవును.

చేపలకును పట్టిక కలదు. తూర్పు తీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషేధము. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని ఈ కట్టడి. ఆ దినములలో పచ్చిచేప ప్రియము. ఎండు నెత్తళ్ళతో వంకాయ కలిపి వండుకొను గృహిణి తెలివైనది. నిషేధము తీరిన పిదప తెల్లవారుజామున చేపల రేవునకు పోయినచో వేలపు కేకలే ఒక నాటకమువలె నుండును. చేప కొనకున్నను వినవచ్చును.

పండుగకు బంధువులయింటికి తీసికొనిపోవుటకు మాడుగుల హల్వా కలదు. గోధుమలను మూడు దినములు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, ఆ పాలు ఒకనాడు నిలువయుంచి, పంచదార, నేయి, జీడిపప్పులతో కట్టెలపొయ్యిమీద గంటలకొలది కలియబెట్టుదురు. నూరేండ్లకు పైబడిన పని ఇది. త్వరపడి చేసినది హల్వా యగునుగాని మాడుగుల హల్వా కాదు.

సముద్రపు వేడుకలు క్లుప్తముగా చెప్పెదను. 1971 యుద్ధమున కరాచీపై దాడి జరిగిన దినమగు డిసెంబరు 4న నౌకాదళము విశాఖ తీరమున చిరకాలము విన్యాసములు చూపినది. 2023 నుండి ఆ దినపు ప్రధాన ప్రదర్శన ఇతర తీరములకు తిరుగుచున్నది గనుక పత్రికలో తేదీ చూచుకొని పోవలెను. అంతకంటె నాకు ప్రియమైనది తాబేళ్ళ సంగతి. శీతకాలము చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రివేళ ఇసుకలో గ్రుడ్లు పెట్టును. అటవీశాఖవారు వానిని కాపాడి, సుమారు ఏబది దినములకు వెలువడిన పిల్లలను ప్రాతఃకాలమున కడలి యంచున విడుతురు. అరచేతిలో పట్టు పిల్ల అలవైపు తానే నడచిపోవుట చూచిన బాలురు ఆ తీరమున చెత్త వేయరు.

భీమునిపట్టణపు త్రోవలోనున్న ఎర్రమట్టి దిబ్బలను భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2014లో భూవారసత్వ స్థలముగా ప్రకటించినది. వేలయేండ్లుగా గాలియు నీరును సముద్రమును కలసి పేర్చిన దిబ్బలివి. తిరునాళ్ళకు పోయినట్లు పోయి, గట్టులెక్కి జారుచు వానిని కరగించువారున్నారు. దూరమునుండి సాయంకాలపు వెలుగులో చూచుటయే వానికి తగిన మర్యాద. అదే సంవత్సరము అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరపు చెట్లను కూల్చినది; ఆ నీడ తిరిగి వచ్చుటకు ఎన్ని యేండ్లు పట్టినదో ఎండలో నడచినవారికి తెలియును.

ఇంత దూరము పోలేనివారికి ఆటోనగర్ చేరువనే ఒక చోటున్నది. ఉక్కు కర్మాగారపు నేలను ఆనుకొని, సముద్రపుటొడ్డున, అప్పికొండ సోమేశ్వరాలయము కలదు. మాఘ బహుళ చతుర్దశి, మహాశివరాత్రినాడు, చుట్టుప్రక్కల గ్రామములవారును, కార్మిక కుటుంబములును అచట కూడుదురు. వేకువన సముద్రస్నానము, పిదప దర్శనము, పిల్లలకు బూరలు, పెద్దలకు చెరుకుగడలు. ఒకవైపు కర్మాగారపు పొగగొట్టములు, మరియొకవైపు ఎడతెగని అలలు. అచట ఒడ్డు చప్పున లోతగును. పోలీసువారు కట్టిన త్రాటిని దాటి దిగరాదు. పిల్లల చేయి విడువరాదు.